కుడితొడ సాక్ష్యం

11 ఫిబ్రవరి 1985

మా ఇంటాయనకు మళ్ళీ ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంట్లో ఒక మూల నిండుతుంది. పోయినసారి దోమల బత్తీలతో బియ్యం గది నిండింది. ఆ ఏడు వానే లేదు, ఇక దోమలెక్కడివి? ఈసారి అట్టపెట్టెల నిండా గులాబి రంగు డబ్బాలు. పేరు సన్నజాజి క్రీము.

తెచ్చినవాడు శ్రీరంగప్ప అని, బెంగళూరు కంపెనీ మనిషి. మా మందులంగడి వెనకే ఇల్లు కాబట్టి తెర చాటున నిలబడి అంతా విన్నాను.

"ఆడోళ్ళకి తొడల మీద చర్మం గుంతలు గుంతలుగా అయితాది గదా సార్, దాన్ని సెల్యులైట్ అంటారు. మన దేశంలో నూటికి తొంభై మందికి ఉండాది, ఒక్కరికీ తెలీదు" అన్నాడు.

"తెలీకుంటే మరి కొనేదెట్లప్పా?" అని మా ఆయన.

"మనమే చెప్పల్ల సార్. డాక్టరు చీటీ గూడా అక్కర్లేదు. ముందర బల్ల మీద పెట్టుకుంటే చాలు, అడిగినోళ్ళకల్లా ఇచ్చేయొచ్చు."

నలభై రెండేళ్ళుగా లేని జబ్బు, శ్రీరంగప్ప మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టేలోపల నాకు వచ్చేసింది.

అసలు సంగతి చివర్లో చెప్పాడు. ఊళ్ళో నలుగురూ నమ్మే ఆడమనిషి ఎవరైనా నాలుగు వారాలు వాడి, గుణం కనిపించిందని రాసి సంతకం పెడితే, అది కరపత్రం వేసి జిల్లా అంతా పంచుతారట. జిల్లా ఏజెన్సీ మా ఆయనకే ఇస్తారట. మా ఆయన తెర వైపు చూశాడు. చూడక ఏం చేస్తాడు? మూడేళ్ళ కరువులో జ్వరం బిళ్ళలు తప్ప ఏదీ కదలని అంగడి.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి గోపాలయ్యకు చెల్లెలుగా పుట్టినందుకు నాకంటూ ఒక పేరుంది. ఎవరు చీర తెచ్చినా ఒక పోగు లాగి, కాల్చి, వాసన చూసి అసలో నకిలీయో చెప్పేస్తాను. ఒకసారి మా అన్న అంగడి చీరనే నకిలీ అన్నాను. ఆరునెలలు ఆయన నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి "సుబ్బమ్మక్క చెప్పిందంటే అంతే" అనే మాట ఊళ్ళో నిలిచిపోయింది. నాకున్న నగలన్నిటికన్నా నాకు అదే ఎక్కువ.

ఆ పేరు తీసుకెళ్ళి ఒక డబ్బా మూతకు అతికించాలట. కుదరదని చెప్పాను.

12 ఫిబ్రవరి

చూసుకోలేదు. నాకేం పట్టింపు లేదు.

13 ఫిబ్రవరి

చూసుకున్నాను.

స్నానాల గదిలో అద్దం ఎడమ గోడకుంది. అటు తల తిప్పి చూస్తే ఉన్నాయి, నిజమే. పెనం మీద అట్టుకు పడ్డట్టు గుంతలు. ఇన్నేళ్ళూ ఇవి ఇక్కడే కూర్చుని ఉన్నాయి కాబోలు, నన్ను ఒక్క మాట అడగకుండా. మా అమ్మకు ఉండేవేమో. ఆమెను ఎవరూ అడగలేదు, ఆమెకూ చూసుకునే తీరిక లేదు.

ఒక తొడ చూస్తే చాలు, రెండోదీ అదే కదా అని చీర దించుకున్నాను.

మధ్యాహ్నం అన్నం పెడుతుంటే మా ఆయన, "ఇంట గెల్సి రచ్చ గెలవమన్నారు. ఊరికే పూసి చూడు. గుణం లేకుంటే లేదని చెప్పు, నేనే పెట్టెలు వెనక్కి పంపిస్తా" అన్నాడు. మనిషి మెత్తగా అడిగితే నాకు చిక్కు. గట్టిగా అరిచి ఉంటే ఎంత బాగుండేది!

సరే అన్నాను. కానీ పరీక్ష నా పద్ధతిలో. కుడితొడకు పూస్తాను, కుడిచేతికి అందుబాటు. ఎడమతొడకు ఏమీ పూయను. నాలుగు వారాల తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. పట్టును పరీక్ష చేసేదాన్ని, నన్ను మోసం చెయ్యడం శ్రీరంగప్ప తరం కాదు.

20 ఫిబ్రవరి

వాసన బాగుంది. అంతవరకు ఒప్పుకుంటాను.

2 మార్చి

పెళ్ళిళ్ళ కాలం. మా అన్న అంగడి నుంచి చీరల మూటలు వస్తున్నాయి. మధ్యాహ్నం పూట వీధి తలుపు గడియ పెట్టి, నడవాలో ఆరేడుమంది ఆడవాళ్ళం కూర్చుని కుచ్చులు కడతాం. చీర మోకాలి పైకి లాక్కుని, తొడకు కాస్త బూడిద రాసుకుని, చెంగు కొసన వదిలిన పోగులు దాని మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోస్తే పురి పడుతుంది. రెండు పురులు కలిపి ముడి వేస్తే ఒక కుచ్చు. చీరకు నూటికి పైగా కుచ్చులు. నేను సరదాకి కడతాను. మిగతావాళ్ళకు అది సరదా కాదు. మగ్గాలు సగం నిలిచిపోయిన ఊళ్ళో పొయ్యి వెలగడానికి ఇంకేముంది?

నేనైతే క్రీము ముందురోజు పూసి, పొద్దున రెండు బిందెల నీళ్ళతో సున్నిపిండి పెట్టి కడిగేస్తాను. పట్టుకు జిడ్డు తగిలితే చీర పోయినట్టే. మా పెరటి బావిలో ఇంకా అడుగున నీళ్ళున్నాయి, ఆ భాగ్యం ఉంది.

అయినా ఓబులమ్మ పసిగట్టింది. నేత ముత్యాలప్ప భార్య. ఎముకలకు చీర చుట్టినట్టుంటుంది, ముక్కు మాత్రం మహా చురుకు.

"ఏంటిదక్కా, పెండ్లికూతురి వాసన కొడతాండావు?"

దాచడం నాకు చేతకాదు. చెప్పాను. జబ్బు పేరు కూడా చెప్పాను.

"సెల్లు లైటా? మా ఇంట్లో ఉండాది గదక్కా. రెండు సెల్లులు వేస్తే వెలుగుతాది."

"ఆ లైటు కాదే. తొడ మీద వచ్చేది."

"తొడ మీద లైటా! అయితే మా ఆయప్పకి చీకట్లో దారి కనిపిస్తాదిలే."

అంతే, పోగులు వదిలేసి పొర్లి పొర్లి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే నవ్వనీ, పరీక్ష పరీక్షే.

14 మార్చి

ఈరోజు పరీక్ష రోజు. పొద్దున తలుపు వేసుకుని, అద్దాన్ని గోడ మీంచి దించి కింద పెట్టి, రెండు తొడలూ చూసుకున్నాను.

ఎడమది అట్టు. కుడిది కడిగి బోర్లించిన పళ్ళెం! నున్నగా, బిగువుగా, ఒక్క గుంత లేదు. కిటికీ రెక్క తీసి వెలుతురులో చూశాను. మూసి చూశాను. గిల్లి చూశాను. నాలుగు వారాల్లో ఇంత తేడా!

రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది. మళ్ళీ పదారేళ్ళ పిల్లలాగా ఇల్లంతా తిరిగాను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

కాగితం తీసుకురమ్మన్నాను. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు.

15 మార్చి

నిజం చెప్పడంలో తప్పేముంది?

25 మార్చి

కరపత్రం వచ్చింది. "తొడ" అనే మాట గౌరవమైన ఆడమనిషి పేరు పక్కన వేయనని అచ్చువాడు మొరాయించాడట. మా ఆయనా, శ్రీరంగప్పా కూర్చుని దిద్దారు. చదివి తల పట్టుకున్నాను.

"నేను సన్నజాజి క్రీమును నాలుగు వారములు వాడితిని. నా కుడి అవయవము అద్దమువలె నున్నబడినది. మధ్యలో ఆపిన యెడల దోషము రెట్టింపగును. ఇట్లు, శ్రీమతి రామసుబ్బమ్మ, ధర్మవరం."

"ఆ రెట్టింపు మాట నేనెప్పుడన్నాను?" అని అడిగాను.

"కంపెనీవోళ్ళు వేసుకున్నారులే. వాళ్ళకి తెలీదా?" అన్నాడు ఆయన.

అవయవమట! మనిషికి కుడివైపున ఎన్ని లేవు?

3 ఏప్రిల్

అంగడి ముందు ఆడవాళ్ళు వరసకట్టారు. మగవాళ్ళు సిగ్గుపడి జ్వరం బిళ్ళలకు కూడా రావడం లేదు. హెడ్మాస్టరు భార్య నాగలక్ష్మమ్మ కుడి చెంపకు పూసుకుని వారమైంది, చెంప పొక్కింది. ఆంజినమ్మ మోకాలికి పూసింది, నొప్పి తగ్గిందంటోంది. మిగతావాళ్ళు తెలివిగా నన్నే అడిగారు, ఏ అవయవమని. తొడ అని చెవిలో చెప్పాను. కుచ్చులు కట్టేవాళ్ళు ఒక్కరు మిగలకుండా కొన్నారు. రెండు మూడు చీరలకు కుచ్చులు కడితే గానీ ఒక డబ్బా రాదు.

"కడుక్కున్నాకే పట్టు ముట్టుకోండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. చెప్పాను కదా!

మధ్యాహ్నం తిమ్మక్క అని, కరువు పనిలో రోడ్డుకు కంకర కొట్టే మనిషి వచ్చింది. పిక్కలు జొన్న దంట్లలాగున్నాయి.

"నాకు యాడా కొవ్వు లేదు సామీ. ముందు జాగర్తకి పూసుకోవచ్చునా?"

"భేషుగ్గా" అన్నాడు మా ఆయన.

తెర వెనక నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. తర్వాత ఆమె కొంగుముడి విప్పి చిల్లర తియ్యడం చూశాను. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. పిలిచి వద్దని చెబుదామనుకున్నాను, ఈలోగా మా ఆయన డబ్బా చేతిలో పెట్టేశాడు.

12 ఏప్రిల్

మా అన్న వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోలేదు. నడవాలో నిలబడి వీధంతా వినబడేలా అరిచాడు.

"ఏమ్మా సుబ్బమ్మా, ఊర్లో కుచ్చులు కట్టే ఆడోళ్ళ తొడలకంతా ఏం పూసినావు నువ్వు?"

తాడిపత్రి బండల ఫ్యాక్టరీ వాళ్ళింటి పెళ్ళికి పదకొండు చీరలు పంపితే, తొమ్మిది తిరిగొచ్చాయి. చెంగు కొసల్లో వరసగా జిడ్డు మరకలు, ఒక్కొక్కటి అరచేయంత. చీర దులిపితే పెండ్లికూతురి వాసనట. పెళ్ళికొడుకు తల్లి, "మా కోడలికంటే ముందర ఎవురో కట్టి విడిచిన చీరలు మాకంటగట్టినారు" అని అందట. మా అన్న ముఖం చూడలేకపోయాను.

"కడుక్కోమని చెప్పినానన్నా."

"యాడ కడుక్కుంటారమ్మా? వాళ్ళ వీధి కొళాయికి మూడు దినాలకొకతూరి నీళ్ళు! తాగల్లా, తొడలు కడగల్లా?"

నేను రెండు బిందెలు పోసుకున్న నెలంతా నాకు ఆ ఆలోచన రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు.

పోతూ చెప్పాడు. వైశాఖం పెళ్ళిళ్ళ చీరలు ఈ ఊళ్ళో ఒక్కరికీ ఇవ్వడట. కదిరి నుంచి మనుషుల్ని పిలిపిస్తాడట. ఇంకో మరక కనిపిస్తే ఇక ఎప్పటికీ అంతేనట. కుచ్చులు కట్టే ఇరవై ఇళ్ళకు ఈ వేసవిలో కుచ్చుల కూలి తప్ప ఇంకో ఆధారం లేదు. కరువులో అధికమాసమంటే ఇదే, ఆ అధికమాసాన్ని తెచ్చింది నేను.

13 ఏప్రిల్

ఓబులమ్మ వచ్చింది. పని పోయినందుకు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అదే నాకు భరించలేనట్టుగా ఉంది.

"పనిచేసే మందేలేవే. కడుక్కోకపోవడమే తప్పయిపోయింది" అన్నాను. ఏదో ఒకటి నాకు మిగలాలి కదా.

"పనిచేసేదా? యాడ పనిచేసిందక్కా?"

"నా కుడితొడ చూడు, ఎడమతొడ చూడు!"

ఓబులమ్మ నా తొడలు చూసింది. తర్వాత లేచి తలుపు గడియ పెట్టి, తన చీర పైకి లాగి కూర్చుంది. ఆ ఎముకల గూటికి కూడా ఎడమతొడ మీద చర్మం వదులుగా, ముడతలు ముడతలుగా ఉంది. కుడితొడ నున్నగా, గట్టిగా తోలులాగుంది.

"నేను మొన్న మొన్న కొన్నానక్కా. ఈ తొడ నా చిన్నప్పట్నుంచీ ఇట్లే ఉండాది. మాయమ్మదీ ఇట్లే ఉండె. మన ఊర్లో కుచ్చులు కట్టే ఏ ఆడదాన్నైనా చూడు. పోగులు తోసి తోసి కుడితొడ నున్నగా తేలిపోతాది. నువ్వు ఎనిమిదేండ్ల పిల్లప్పట్నుంచీ తోస్తాండావు గదా!"

నేను వంగి నా రెండు తొడలూ మళ్ళీ చూసుకున్నాను.

"పూయక ముందర కుడిది చూసుకున్నావా?"

"లేదే. ఎడమది చూశాను."

"ఓయమ్మా! చీరకి ఒక కొస చూసి బేరం చేసినావా, సుబ్బమ్మక్కా!"

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు నవ్వుకొచ్చినవో, ఇంట్లో పొయ్యి గుర్తొచ్చి వచ్చినవో నేను అడగలేదు.

14 ఏప్రిల్

ఆయనతో చెప్పాను. క్రీము వట్టిదని, నా సంతకం వెనక్కి తీసుకుంటానని. ఆయన లెక్కల పుస్తకం మూసి నా వైపు తిరిగాడు.

"తోస్తే నున్నబడింది అంటాండావు. క్రీముతో నున్నబడలేదని యాడుంది రుజువు?"

"ఎడమతొడకు కూడా పూస్తాను మరి, చూద్దాం!"

"నీకేమే, మాట వెనక్కి తీసుకుంటావు. ఏజెన్సీ నా పేరు మీదుండాది. పదేండ్ల తర్వాత ఈ అంగడికి నలుగురు వస్తాండారు. అది గూడా నీ కండ్లకు సరిపోలేదా?"

కోపంగా అనలేదు. అదీ చెప్పాను కదా, ఆ మనిషి మెత్తగా మాట్లాడితే నాకు చిక్కు. అయినా నోరు మూసుకోలేదు. ఇరవై ఇళ్ళ పొయ్యిలు ఆర్పి మన అంగడిలో దీపం పెట్టుకుంటామా అన్నాను. ఆయన అన్నం తినకుండా లేచిపోయాడు.

16 ఏప్రిల్

కుచ్చుల వాళ్ళందరినీ నడవాలోకి పిలిచాను. ఇరవైమంది వచ్చారు. నిలబడి చెప్పాను. క్రీము పనిచెయ్యదు, నేను తప్పు చూసి తప్పు చెప్పాను, మీ కుడితొడలు మొదటినుంచీ నున్ననివే, దయచేసి పూయడం ఆపండి, మరకలు ఆగితే అన్నను బతిమాలి పని ఇప్పిస్తాను. ఇన్నేళ్ళలో నేను చెప్పిన మాటల్లో ఇంత నిజమైన మాట ఇంకోటి లేదు.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మీయన్న చెప్పమన్నాడు గదక్కా?" అంది ఆంజినమ్మ.

"కాదే తల్లీ."

"నీది అయిపోయింది, నున్నగయ్యింది. మాది సగంలో ఉండాది. ఇప్పుడు ఆపితే రెట్టింపయితాదని నువ్వే గదా అచ్చేయించినావు?" అంది హనుమంతమ్మ.

"అది నేననలేదు!"

"నీ పేరే గదక్కా కింద ఉండేది?"

చేతులు జోడించాను. జోడించేసరికి ఇంకా అనుమానం పెరిగింది. సుబ్బమ్మక్క ఎప్పుడైనా ఎవరికైనా చేతులు జోడించిందా? ఎవరో బలవంతపెట్టి ఉంటారు, పాపం, అన్నారు. నన్ను ఓదార్చి వెళ్ళారు. పోతూ పోతూ నలుగురు అంగడిలో ఇంకో డబ్బా కొనుక్కున్నారు, దొరకకుండా పోతుందేమోనని.

17 ఏప్రిల్

ఈరోజు పన్నెండు డబ్బాలు అమ్ముడయ్యాయట. ఆయన నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

19 ఏప్రిల్

చేశాను. ఎలా చేశానో రాస్తాను, ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

ఆంజినమ్మ మా పెరటి బావికి తాగే నీళ్ళకొచ్చింది. ఊళ్ళో తపాలా ఆలస్యమవుతుంది గానీ, ఆంజినమ్మ ఆలస్యం కాదు. పక్కకు పిలిచి అటూ ఇటూ చూశాను. నాకు ఇంత నటన వచ్చని నాకే తెలీదు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

ఒట్టేసింది.

"ఆ క్రీము పూసిన చోట వెంట్రుకలు మొలుస్తున్నాయే. మగవాళ్ళకు మొలిచినట్టు, నల్లగా, బిరుసుగా."

బిందె కింద పెట్టేసింది. "నీకు మొలిచినాయా?"

నేను తల వంచుకున్నాను. అబద్ధం నోటితో చెప్పలేక కాదు, తల వంచితే ఇంకా గట్టిగా నమ్ముతుందని. "మరి మొన్న మీకు నా తొడ ఎందుకు చూపించలేదనుకున్నావు?" అన్నాను.

"అయ్యో అయ్యో! పడిపోవా అవి?"

"ఆపితే పడిపోతాయి. నీళ్ళతో కడిగేసుకుని ఆపేస్తే వారంలో పోతాయి."

నీళ్ళు తోడుకోకుండానే పరుగెత్తింది. సాయంత్రానికల్లా ఇరవై ఇళ్ళ వాళ్ళూ బిందెలు పట్టుకుని మా బావి దగ్గరున్నారు. తాగే నీళ్ళకు కూడా అంత తొందరపడి రాలేదు వాళ్ళెప్పుడూ. అడుగున ఉన్న నీళ్ళన్నీ తోడిచ్చాను. తిమ్మక్క కూడా కంకర పని నుంచి అటే వచ్చింది, మోకాళ్ళ దాకా దుమ్ముతో. ఆమెకు రెండు బిందెలు నేనే పోశాను.

ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా రుజువు అడగలేదు. నిజం చెప్పినప్పుడేమో ఇరవై ప్రశ్నలు వేశారు.

20 ఏప్రిల్

ఓబులమ్మకు మాత్రం అసలు సంగతి తెలుసు. "నాకైతే మొలవలేదక్కా, దేవుడు చల్లగా చూసినాడు" అని నా కళ్ళలోకి చూసి చెప్పి వెళ్ళింది. దానికి నవ్వు ఆగడం లేదు.

27 ఏప్రిల్

అన్నను బతిమాలి మూడు చీరలు తెప్పించాను. ఆడవాళ్ళు కట్టారు. కొసలు వెలుతురులో పెట్టి నేనే చూశాను, ఒక్కటి కాదు, రెండు కొసలూ చూశాను. ఎక్కడా మరక లేదు. రేపట్నుంచి వైశాఖం చీరలు ఇస్తానన్నాడు. కదిరికి పంపిన కబురు వెనక్కి తీసుకున్నాడు.

అంగడిలో మాత్రం ఈగలు తోలుకుంటున్నారు. "యెవుడో గిట్టనోడు పుకారు లేపినాడే. దొరికితే తోలు తీస్తా" అన్నాడు మా ఆయన. ఆయన ఈగను కూడా చేత్తో కొట్టడు, గుడ్డతో తోలుతాడు. అన్నం వడ్డించాను, పప్పు వడ్డించాను. చెబుదామని నోరు తెరిచి, ఇంకాస్త నెయ్యి వేయనా అని అడిగాను.

సిగ్గుగా ఉంది. పని దొరికినందుకు సంతోషం కూడా ఉంది. రెండూ ఒకేచోట ఎలా పడుతున్నాయో నాకే తెలీదు.

9 మే

శ్రీరంగప్ప దిగాడు. ఏజెన్సీ పీకేస్తాడని మా ఆయన పొద్దుటినుంచీ గుడ్లు తేలేసి కూర్చున్నాడు. మిగిలిన డబ్బాలన్నీ వెనక్కి ఇచ్చేయడానికి కట్టి గడపలో పెట్టాం. నేను తెర చాటుకు పోలేదు, బయటే నిలబడ్డాను. అడిగితే చెప్పేద్దామనే నిలబడ్డాను.

వాడు గడప దాటుతూనే నా కాళ్ళకు దండం పెట్టాడు!

"అమ్మావ్రే, కంపెనీ వాళ్ళు ఎంత సంతోషపడినారంటే! హిందూపురం దాకా పాకింది మీ మాట. పూసిన చోట వెంట్రుక మొలుస్తాండాదని మీరే చెప్పినారంట గదా? మూడేండ్లుగా అమ్ముతాండాం, మాకే తెలీలేదు చూడండి!"

సంచిలోంచి కాగితం చుట్ట తీశాడు. అంటించే చీటీలు. "నల్లజాజి. బట్టతల నివారిణి." గడపలో కట్టిపెట్టిన డబ్బాల మీదే, అక్కడే కూర్చుని, సన్నజాజి మీద నల్లజాజి అతికించడం మొదలుపెట్టాడు. మా ఆయన నా వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు, ఆ గిట్టనివాడెవరో. కోప్పడతాడనుకున్నాను. పోయి జిగురు గిన్నె తెచ్చుకుని శ్రీరంగప్ప పక్కన కూర్చున్నాడు.

"అదంతా అబద్ధం శ్రీరంగప్పా. వాళ్ళు మానాలని నేను కల్పించి చెప్పాను. ఏమీ మొలవలేదు" అన్నాను. గట్టిగా, వీధికి వినబడేలా చెప్పాను.

"తెలుసమ్మావ్రే, ఆడోళ్ళకి ఇట్లాంటిది ఒప్పుకునేదానికి నామర్దాగానే ఉంటాది" అన్నాడు వాడు చీటీ మీంచి తలెత్తకుండా. "అందుకే ఈతూరి మీ పేరు వేయలేదు. ధర్మవరం గౌరవనీయ మహిళ అని మాత్రమే వేసినాం."

12 మే

మా అన్న వచ్చాడు. ఇంట్లోకి రాలేదు, అంగడి పక్క సందులోంచి కిటికీ దగ్గరకొచ్చి నన్ను పిలిచాడు. చీరల సంగతేమో అనుకుని కంగారుగా వెళ్ళాను. నెత్తి మీది తువ్వాలు తీశాడు. ఎండకు నెత్తి తళతళ మెరిసింది.

"నిజంగా మొలుస్తాయామ్మా?"

"లేదన్నా. నేను అబద్ధం చెప్పినాను. నీ చీరలకి మరకలు పడకూడదనే చెప్పినాను."

"నువ్వా? అబద్ధమా?" నవ్వాడు. "నా అంగడి చీరనే నకిలీ అని నా మొగమ్మీద చెప్పినదానివి."

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, నమ్ము. తొడ మీద ఒక్క వెంట్రుక మొలవలేదు."

"సిగ్గుపడొద్దులేమ్మా. నేను ఎవురికీ చెప్పను." గొంతు తగ్గించాడు. "అచ్చేసిన కాగితాలు చూసి కొనేరకమా నేను? ఎవురేమి రాసుకున్నా నాకక్కర్లేదు. నువ్వు చెప్పినావని తెలిసి వచ్చినా. నీ మాట చాలు నాకు."

ఆ మాట ఆయన నోట వినాలని, ఆయన నాతో మాట్లాడని ఆ ఆరునెలలూ ఎంత ఏడ్చానో నాకు తెలుసు. ఇప్పుడు అన్నాడు. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది, అది కూడా సిగ్గనుకున్నాడు.

ఇంకోసారి చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. ఆయన డబ్బులు కిటికీ గట్టు మీద పెట్టి, తువ్వాలు చుట్టుకుని, రెండు డబ్బాలిమ్మని వేళ్ళు చూపించాడు. ఎవరూ చూడకుండా ఇవ్వమన్నాడు. కాగితంలో చుట్టి నేనే ఇచ్చాను.